ఇంకో అప్పన్న

"అప్పన్నా! నీకు ములాఖత్!"

వార్డరు చలమయ్య కేక విని కూడా అప్పన్న తల తిప్పలేదు. హార్బర్లో కలాసీగా ఉన్న రోజుల్లో, గాజువాకలో తాగిన మైకంలో జరిగిన కొట్లాటలో అతని చేతిలో ఒక ప్రాణం పోయింది. యావజ్జీవం పడింది. అప్పటినుంచి నా అన్నవాళ్ళెవరూ జైలు గేటు తొక్కలేదు. ములాఖత్ రోజున ఖైదీలంతా గేటువైపు కళ్ళప్పగించి చూస్తుంటే, అతను గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఈమధ్య అన్నం ముద్ద కూడా ముట్టడం మానేశాడు.

"నాకెవరొత్తారు బాబూ? ఎగతాళి సేత్తన్నారా?"

"నాకేటి తెలుసురా? కొత్త కంప్యూటరొచ్చింది కదా, అదే నీ పేరు సెప్పింది. లెగు!"

కంప్యూటరు రావడం అప్పన్నకు తెలుసు. లారీలోంచి ఆ పెట్టెలు దింపినవాళ్ళలో అతనూ ఒకడు. కొబ్బరికాయ కొట్టి, దాని నుదుట కుంకుమబొట్టు పెట్టి, ఇకమీదట ఖైదీల పేర్లూ విడుదలలూ ములాఖత్‌లూ అన్నీ ఇదే చూసుకుంటుందని సూపరింటెండెంటుగారు అందరికీ చెప్పారు.

జాలీకి అవతల ఒక ముసలామె నిలబడి ఉంది. ఆమె కళ్ళకు ముసలితనపు పొర కమ్మింది.

"అప్పన్నా! ఎంత సిక్కిపోనావురా నాయనా!"

అప్పన్నకు సంగతి తెలిసిపోయింది. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు ఈ చుట్టుపక్కల ఎక్కడుంది? ఈ జైల్లోనే ఆ పేరుతో పిలిస్తే నలుగురు పలుకుతారు. ఎవరి తల్లినో మిషను తన దగ్గరికి తోలేసింది. నాను కాదమ్మా అనడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు వేరే మాట అంది.

"బాగున్నానమ్మా."

ఆమె చేపల పులుసు తెచ్చింది. లోపలికెళ్ళే ప్రతి గిన్నెలోనూ ఊచ పెట్టి కెలికే చలమయ్య, ఆ గిన్నెను మూతైనా తియ్యకుండా వదిలేశాడు. ముసలి ప్రాణం, పోనీలే అనుకున్నాడు కాబోలు.

ఆపైన ఆమె ప్రతి ములాఖత్‌కూ వచ్చింది. పూర్ణా మార్కెట్లో చేపల ధరలు, బస్సులో కండక్టరుతో పడ్డ తగువు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది.

"మీ అన్న ఒట్టి మొండోడురా. నాను సెప్పింది ఆడు ఇనడు. ఆడు సెప్పింది నాను ఇనాల!"

తనకు లేని అన్న గురించి విని అప్పన్న పడీపడీ నవ్వేవాడు. గడ్డం గీయించుకున్నాడు. కడుపునిండా తిన్నాడు. రాత్రి హార్బర్ సైరన్ వినిపిస్తే ఇప్పుడు గుండె మునుపటిలా మెలిపెట్టడం లేదు.

ఒక ములాఖత్ రోజున, ఆమెతో మాట్లాడి తిరిగి వస్తూ అటువైపు బ్యారక్ ముందు ఆగిపోయాడు. అక్కడ ఇంకో అప్పన్న గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

అలా కూర్చోవడం ఎలా ఉంటుందో అతనికి చెప్పక్కర్లేదు. వీడి తల్లి వండిందా నానిన్నాళ్ళూ తింటున్నది అనుకున్నాడు. చెబితే ఆమె మళ్ళీ రాదు. తన బతుకు మళ్ళీ ఆ గోడే. ఆ మాట తలచుకుంటే ఏడుపొచ్చింది. అయినా వెనక్కి తిరిగి, తిన్నగా ఆఫీసు గుమ్మం ముందు నిలబడ్డాడు.

"బాబూ, మిషను పొరపాటు సేసింది. నాకాడికొత్తన్న ముసలమ్మ నా తల్లి కాదు. ఇంకో అప్పన్న తల్లి. ఆడికాడికి పంపించెయ్యండి."



గుమస్తా భీమశంకరరావు కలం కిందపెట్టి విడ్డూరంగా చూశాడు.

"ఏ మిషనయ్యా? దానికింకా కరెంటే ఇవ్వలేదు! హైదరాబాదు నుంచి ఇంజినీరు రావాలి, వచ్చి మొదలెట్టాలి. ఇంతవరకూ అది ఒక్కరి పేరూ చెప్పిన పాపాన పోలేదు."

"మరి నన్ను పిలిసింది..."

"అసలు ఏ ముసలమ్మ సంగతయ్యా నువ్వనేది?"

అప్పన్న కిటికీలోంచి గేటువైపు చెయ్యి చూపించాడు. అక్కడామె ఖాళీ గిన్నె సంచిలో సర్దుకుంటోంది.

గుమస్తా కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు.

"ఆవిడా? మన చలమయ్య వాళ్ళమ్మ కదూ!"