ముప్పై అడుగులు

వేడినీళ్ళ సంచీ గోడకు తగిలి చిట్లింది. సగం నీళ్ళు ఆమె మెడ మీద పడ్డాయి.

ఆమె తువ్వాలుతో మెడ తుడుచుకుంది. నేల తుడిచింది. లోపలికి వెళ్ళి ఇంకో సంచీ నింపుకొచ్చింది. దాన్ని కొడుకు ఎడమ తొడ కింద పెట్టి, మోకాళ్ళ మధ్య దిండు సరిచేసింది.

"కాలు పక్కకి జరుపు. పదిసార్లు."

"చంపుతా నిన్ను," అన్నాడు కొడుకు.

"సరే. ముందు జరుపు. ఒకటి."

తుంటి కీలు మార్చి అది పదో వారం. కొత్త కీలు చక్కగా కుదురుకుందని ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పాడు. ఇక మిగిలిన బాధంతా కండరాలది. కోసి కుట్టిన కండ, వారాల తరబడి కదలక బిగుసుకుపోయిన కండ. కదిపితే తిరగబడుతుంది. కదపకపోతే అలాగే ఉండిపోతుంది. ఎముకల వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన ఆమెకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. రిటైరై ఆరేళ్ళయినా వీధిలో అందరికీ ఆమె సిస్టరమ్మే.

కొడుకు లారీ మెకానిక్. కాలు కదలకపోయినా చేతుల్లో బలం అలాగే ఉంది. నొప్పికి వాడికి తెలిసిన మందు ఒకటే, అందిన దానితో కొట్టడం. మొదట్లో గ్లాసులు విసిరాడు. తర్వాత పళ్ళేలు. నాలుగో వారంలో వాకరు ఎత్తి కొడితే ఆమె మణికట్టు వాచిపోయింది. కట్టు తనే కట్టుకుంది. ఆరో వారంలో మేజోడు తొడగడానికి వంగినప్పుడు జుట్టు పట్టుకుని తలను మంచం కోడుకేసి బాదాడు. నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. మర్నాడు ఆమె జుట్టు చెవుల దాకా కత్తిరించుకుని వచ్చి, మళ్ళీ మేజోడు తీసింది.

ఇంట్లో వాళ్ళిద్దరే. కోడలు పోయిన రోజే కొడుకు మెట్ల మీంచి పడ్డాడు.

పై వాటాలో బట్టలు కుట్టే ఆవిడ చూడలేక ఒకరోజు దిగి వచ్చింది.

"ఇంత జరిగాక కూడా వీడికి ఈ సేవలేమిటక్కా? ఆస్పత్రిలో పడేసి నీ దారి నువ్వు చూసుకో."

"వాడు నడవాలి," అంది సిస్టరమ్మ. "అంతే."

కన్న కడుపు మరి అనుకుంటూ ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

నొప్పి నిజమో కాదో సిస్టరమ్మ చేతికి తెలుసు. నిజంగా పట్టేసిన కండ అరచేతి కింద కర్రలా బిగుస్తుంది. ఎనిమిదో వారం నుంచి వాడి తొడ మెత్తగానే ఉంటోంది. అరుపులు మాత్రం తగ్గలేదు. ఒక మధ్యాహ్నం కొట్టుకని బయల్దేరి, చిల్లర మరిచి వెనక్కి వచ్చిన ఆమె, తలుపు సందులోంచి చూసింది. వాడు కిటికీ దాకా నడిచాడు. అక్కడ నిలబడి సిగరెట్ కాల్చాడు. మళ్ళీ నడిచి వెళ్ళి పడుకున్నాడు. ఆమె చప్పుడు చెయ్యకుండా కొట్టుకు వెళ్ళిపోయింది.

డాక్టరు వచ్చి చూసినప్పుడల్లా వాడు మంచంపట్టె పట్టుకుని మూలిగేవాడు. ఆయన ఇంకో రెండు వారాలు విశ్రాంతి అని రాసి వెళ్ళేవాడు. తను చూసింది ఆమె ఆయనకు చెప్పింది.

"మీ మాట నమ్ముతాను సిస్టర్. కానీ నా కళ్ళతో చూడనిది నేను రాయను. ఏ ఆసరా లేకుండా ముప్పై అడుగులు వెయ్యాలి. శుక్రవారం వస్తాను. అప్పుడూ కాదంటే మూడు నెలలు విశ్రాంతి రాయడం తప్ప నేను చేసేది లేదు."

మూడు నెలలు పడుకుంటే ఆ కాలు నిజంగానే పనికిరాకుండా పోతుంది. అలాంటి కాళ్ళను ఆమె వార్డులో చాలా చూసింది.

శుక్రవారం డాక్టరుతో పాటు మరో ఇద్దరు వచ్చి వసారాలో కూర్చున్నారు. కిటికీలోంచి వాళ్ళను చూసి కొడుకు కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు పాదం ముట్టుకోగానే ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. ఆయన నిట్టూర్చి జేబులోంచి కలం తీశాడు.

సిస్టరమ్మ వాకరును గోడ దగ్గరికి తోసేసింది. మంచం ముందు నిలబడింది.

"రాసెయ్యండి డాక్టరుగారూ. వీడి వల్ల కాదు. ఎదుటి మనిషి కింద పడి ఉంటే తప్ప వీడికి కొట్టడం కూడా చేతకాదు."

వాడు కళ్ళు తెరిచాడు.

"ఏమన్నావ్?"

"విన్నావుగా."

వాడు లేచాడు. పిడికిలి విసిరాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. దెబ్బ గాలిలో పోయింది. వాడు ముందుకొచ్చాడు. ఆమె ఇంకో అడుగు వేసింది. నడక నేర్చుకునే రోగి ముందు వెనక్కి నడవడం ఆమెకు ముప్పై ఏళ్ళ అలవాటు. అందీ అందనంత దూరంలో, వాడి మొహంలోకి చూస్తూ, గది దాటింది. వంటింటి గుమ్మం దాటింది. భోజనాల బల్ల చుట్టూ తిరిగింది. వాడు బూతులు తిడుతూ వస్తూనే ఉన్నాడు. అడ్డం రాబోయిన డాక్టరును ఆమె చెయ్యెత్తి ఆపింది. ఆయన గుమ్మంలో నిలబడిపోయి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు.

ముప్పయ్యో అడుగు దగ్గర ఆమె ఆగింది.

ఈసారి దెబ్బ తగిలింది. పెదవి చిట్లి, బల్ల మీద రక్తం చింది పడింది. డాక్టరు వాడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ తర్వాత బల్ల దగ్గర నిలబడే కాగితం రాసి సంతకం చేశాడు.

సిస్టరమ్మ పెదవి తుడుచుకుని, కోడల్ని కొట్టి చంపినవాడికి నడక వచ్చేదాకా మాత్రమే కోర్టు ఇచ్చిన బెయిలు ఇక ముగిసిందని, వసారాలో కూర్చున్న పోలీసులను లోపలికి పిలిచింది.