జానెడు సందు

అశ్వినికి కోపం నషాళానికెక్కింది.

కరణ్‌కోట రోడ్డు పక్కన ఇంటర్నెట్ పెట్టె. దానికి పడమటి దిక్కున ఎవరో రెండు తాండూరు బండలు నిలబెట్టారు!

తను కంపెనీలో కొత్త ఇంజినీరు. పెట్టె చుట్టూ ఏదీ అడ్డం ఉండకూడదని ట్రైనింగులో గట్టిగా చెప్పారు.

"ఎవలు పెట్టిండ్రివి?"

ఎదురింటి గడపలోంచి బిచ్చయ్య లేచి వచ్చాడు. బండల పని చేసి చేసి నడుం వంగింది ముసలాయనకు.

"నేనే బిడ్డా, పోయినేడు. పొద్దు మర్లినంక ఎండ గీ దిక్కుకెళ్లే కొడ్తది. పెట్టె కాలిపోతది."

"అడ్డం పెడ్తే గాలెట్లాడ్తది తాతా? లోపల మిషన్లు ఉడికిపోవా?"

"జానెడు సందిడిసిన సూడు. గాలి కిందికెళ్లి వచ్చి మీదికెళ్లి పోతది. ఎండ దెబ్బ బండ తింటది."

"నాకే చెప్తున్నవా? నేను సదివిందే గిది!"

ఆయన నవ్వాడు. "ఏడ సదివినవ్ బిడ్డా?"

"బంట్వారం బడిల మొదలువెట్టిన. బడి మొత్తానికి ఒక్కటే కంప్యూటర్." చెప్తుంటే ఆమె గొంతు మెత్తబడింది. "ఏప్రిల్‌ల గూడ గా కంప్యూటర్ గది అనంతగిరి లెక్క సల్లగుండేది. మాపటికి సారు తాళమేస్తుంటే ఏడుపొచ్చేది. గా గది లేకుంటే నేను గీ నౌకరికి వస్తుంటినా?"

బిచ్చయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. మొహం వెలిగింది.

"సరే, ఫికర్ చెయ్యకు. తీసేస్త."

బండలు తనే తీసి పక్కన పెట్టాడు. అశ్విని చెయ్యి కూడా వెయ్యలేదు.

మర్నాటి నుంచి మొదలైంది పరేషాన్. మధ్యాహ్నం రెండు కొట్టేసరికి పెట్టె వేడెక్కి ఆగిపోతోంది. ఊరంతా నెట్ బంద్.

ఫ్యాను మార్చింది. రాతిదుమ్ముకు అది నాలుగు రోజుల్లోనే మూలపడింది. ఇంకోటి బిగించింది. అదీ అంతే!

"సోమవారం దాక చూస్త. మళ్ల ఆగితే నీ జాగల ఇంకొకలొస్తరు," అన్నాడు మేనేజర్.

భయంతో పాత రికార్డులు తిరగేసింది. పోయిన ఎండాకాలం ఆ పెట్టె ఒక్కరోజు కూడా ఆగలేదు.

ఛీ, ఎంత పొగరు నాది, అనుకుంది.

ఆదివారం పొద్దున్నే వచ్చింది. ఫ్యాన్లు మార్చడానికి వచ్చినప్పటిలాగే బిచ్చయ్య ఇంటికి తాళం ఉంది. బండలు తనే మోసి నిలబెట్టింది. చేత్తో కొలిచి సరిగ్గా జానెడు సందు వదిలింది.

సోమవారం రెండయింది. మూడయింది. నాలుగయింది.

పెట్టె నడుస్తూనే ఉంది!

నౌకరి నిలిచింది. ఆ సాయంత్రమే తాండూరులో మిఠాయి డబ్బా కొని బిచ్చయ్య ఇంటికి వచ్చింది.

గడపలో ఆయన భార్య బుగ్గమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"తాత ఏడి అవ్వా?"

"పోయిండు బిడ్డా. ఇయ్యాల్టికి పన్నెండు దినాలు."

అశ్విని డబ్బా కింద పెట్టి ఆమె పక్కన కూర్చుంది. ఏడుపు ఆగలేదు.

"గా బండలు తీపిచ్చింది నేనే అవ్వా. తాతను మాఫీ అడుగుదామని వచ్చిన."

"నువ్వేనా గా పిల్లవు?" బుగ్గమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "గా దినం ఎంత సంబురపడ్డడనుకున్నవ్! 'బంట్వారం బళ్లె కంప్యూటర్ గది గోడకు జానెడు సందిడిసి నేను నిలవెట్టిన బండలు ఊకె పోలేదే బుగ్గీ, గా గదిల సదివిన పిల్ల ఇంజినీరై నా ముంగటికే వచ్చింది' అని నా పాణం దీసిండు బిడ్డా."