అవసరం లేదన్నాడు

“లాగొద్దండీ! ఇంకోసారి లాగితే హ్యాండిలు చేతికొచ్చేస్తది.”

లక్ష్మీదుర్గ చటుక్కున చెయ్యి తీసేసింది. పాత పికప్ వెనక తలుపు బిగుసుకుపోయి చాలా రోజులైంది. తను అమ్మే మొక్కల కుండీల్ని పక్కనుంచే ఎత్తి దించుకుంటూ నెట్టుకొచ్చింది తప్ప, ఈ షెడ్డుకు మాత్రం రాలేదు. రేపు ఫ్రిజ్జూ బీరువా ఎక్కించాలి. వాటిని పక్కనుంచి ఎత్తడం ఎవరి తరం? కోసపాళయంలో ఇంకో మెకానిక్కు లేడా అంటే, పక్కవీధిలోనే ఉన్నాడు. అయినా బండి ఇటే తిరిగింది.

“ఈ పక్క వచ్చి శానా దినాలైందే,” అన్నాడు మెకానిక్ భువనేశ్, బండిలోకి ఎక్కుతూ.

“పని పడలేదు.”

అతను తలుపు లోపలివైపు రేకుమూతకున్న స్క్రూలు విప్పడంలో పడ్డాడు. అంతలో చెంగల్రాయన్ ఆటో తెచ్చి ఆపాడు. బ్రేకు వేస్తే కీచుమంటోందట. దుర్గను చూసి తనే తగ్గాడు.

“నాకేం అవసరం లేదప్పా, ముందు ఆ పాప బండి చూడు,” అని ఆటో అక్కడే వదిలేసి టీకొట్టు వైపు నడిచాడు.

అవసరం లేదు. ఎవరి నోట విన్నా ఆ మాటకు దుర్గ గుండె కలుక్కుమంటుంది.

నాన్న రామభద్రరావుకు యానాం నుంచి బదిలీ అయి ఈ ఊరొచ్చిన కొత్తలో, ఇదే వెనక తలుపు ఆమెను ఇక్కడికి తెచ్చింది. అరవం రాక అవస్థపడుతుంటే “ఏందండీ, ఏమైంది?” అని భువనేశ్ తెలుగులో పలకరించాడు. ప్రాణం లేచొచ్చింది. తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్నవాళ్ల తెలుగు అది. యాడ, ఈడ అంటుంటే ఆమె పగలబడి నవ్వేది. ఆమె “భువనేశ్ గారూ” అంటే అతని చెవులు ఎర్రబడేవి. ఈ ఊళ్లో అతన్ని గారూ అన్నవాళ్లు లేరు మరి. ఆ తరవాత ఆ బండికి లేని జబ్బంటూ లేదు. హారన్ సన్నగా మోగుతోందని కూడా తీసుకొచ్చింది.

ఒక వానరోజు ఇదే షెడ్డులో ధైర్యం చేసి అడిగేసింది. “మా నాన్నతో ఒకసారి మాట్లాడతారా?”

ఏం మాట్లాడాలో అతనికి తెలియనిది కాదు. చేతులు గుడ్డకు తుడుచుకుని, మొహమంతా నవ్వుతో అన్నాడు. “అవసరం లేదు.”

వద్దనేవాడు వద్దనొచ్చు. అంత హాయిగా నవ్వుతూ అనాలా? ఆ నవ్వునే తిట్టుకుంది, ఆ నవ్వునే తలుచుకుంది. ఇప్పటికీ షెడ్డు వీధి మలుపు వస్తే ఆమె చూపు అటే పోతుంది.

“రేపు యానాం వెళ్లిపోతున్నాం. నాన్నకు మళ్లీ అక్కడికే వేశారు,” అంది దుర్గ.

స్క్రూడ్రైవరు ఆగింది. “రేపేనా? ఏంది అంత అవసరం?”

“మా అవసరాలు మాకుంటాయిలెండి.”

భువనేశ్ మొహం చిన్నబోయింది. మళ్లీ స్క్రూ తిప్పుతూ అడిగాడు. “యానాంలో ఇల్లు యాడ?”

“గోదారి ఒడ్డున.”

“ఈడ్నించి రైల్లో పోవచ్చునా, బస్సేనా?”

వెళ్లొద్దని ఒక్క మాట అనడానికి నోరు రాలేదు గానీ, ఈ బస్సుల గొడవ ఎందుకో! దుర్గకు ఏడుపొచ్చేలా ఉంది.

అతను లోపలికి చెయ్యి పెట్టి విరిగిన ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి బయటికి తీశాడు. “హ్యాండిలుకేం కాలేదు. దాన్నుంచి గడియకు పోయే కడ్డీ ఊడింది. మీరు ఈడ లాగతాండారు, అది ఆడికి చేరలే.” కొత్త క్లిప్పు బిగించి, ఉప్పుగాలికి తుప్పుపట్టిన చోటల్లా గ్రీజు పూశాడు.

షెడ్డు వెనకున్న ఇంట్లోంచి అతని తల్లి మునెమ్మ కాఫీ తెచ్చింది. వాళ్ల గుమ్మానికి ఆదివారం కట్టిన మామిడాకులు ఇంకా వేలాడుతున్నాయి.

“కూతురి పెళ్లి బాగా జరిగిందా పిన్నిగారూ?”

“రంజనిని పంపేసినాం తల్లీ. ఇంక వీడిదే. పిల్లను కూడా చూసుకున్నాడులే!”

“ఊరుకో అమ్మా,” అన్నాడు భువనేశ్. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఇదన్నమాట సంగతి. దుర్గ ఆ మామిడాకుల మీంచి చూపు తిప్పుకుంది.

“ఇప్పుడు లాగండి,” అన్నాడు అతను బండి దిగి.

వేలు తగలగానే తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఇంకాసేపు మొరాయించి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. ఇక ఈ షెడ్డుకు రావడానికి ఏ జబ్బూ మిగల్లేదు. కళ్లలో నీళ్లు వాళ్లు చూసేలోపు బయటపడాలి. కాఫీ గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో తాగేయబోయింది.

మునెమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. “మెల్లగమ్మా, మెల్లగ! అవసరంగా తాగితే నోరు కాలతాది.”

గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. దుర్గ మునెమ్మ వైపు, తర్వాత గ్రీజు చేతులతో నిలబడిన భువనేశ్ వైపు చూసింది.

“అవసరంగా... అంటే?”

యానాం పిల్ల తెలుగుకు మునెమ్మ నవ్వింది.

“అదేనమ్మా, మీరు తొందర అంటారే!”