పై అరలోని జత

"వేలు మళ్ళీ ఒరుగుతోంది," అన్నాడు డాక్టరు, ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి పట్టుకుని.

ఆపరేషనై ఇంకా ఏడాది కాలేదు. బొటనవేలి పక్కన ఉబ్బిన ఎముకను చెక్కి, వేలిని నిలబెట్టి స్క్రూలు బిగించారు. ఇప్పుడు కథ మొదటికొచ్చింది.

ముందు ఇరుకు బూట్లు మానెయ్యమన్నాడు. లేకపోతే మళ్ళీ కోత తప్పదన్నాడు.

ఆ అమ్మాయి తల దించుకుంది. బూట్లమ్మే షాపులో పని. షాపువాళ్ళిచ్చిన మొనదేలిన బూట్లే వేసుకోవాలి, రోజంతా నిలబడాలి. ఆ మాటే షాపు పేరుతో సహా గొణిగింది. మూలన ఎవరో నర్సు ఫైళ్ళు సర్దుకుంటోంది. ఈమె అటు చూడనైనా లేదు.

మళ్ళీ ఆపరేషనంటే భయమేసింది. ఆ రోజు నడుములో మత్తు సూది గుచ్చుతుంటే, మొహానికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకున్న ఒకావిడ తన చెయ్యి అందించింది. "ఊపిరి బిగబట్టకు తల్లీ," అంది. ఆ చెయ్యే లేకపోతే బల్ల మీంచి దిగి పారిపోయేదే.

మధ్యాహ్నానికల్లా షాపుకి చేరింది.

నిన్ననే మేనేజరు హెచ్చరించాడు. బూట్లమ్మే పిల్లే కుంటుతుంటే కొనేవాడికి నమ్మకమెలా కుదురుతుంది, ఇంకోసారి కుంటితే వేరే పని చూసుకో అన్నాడు. అందుకని పళ్ళ బిగువున తిన్నగా నడుస్తోంది.

నాలుగింటికి జుట్టు నెరిసిన ఒకావిడ వచ్చి కూర్చుంది.

"మా అమ్మాయికి బూట్లు కావాలి. దానిదీ నీ సైజే. నువ్వు వేసుకుని చూపించు."

ఒక జత తెచ్చింది. ఇంకోటి తెచ్చింది. ఎనిమిదయ్యాయి. ఆవిడ ప్రతిసారీ వంగి, బూటు ముందుభాగం వేళ్ళతో నొక్కి చూసి, తల అడ్డంగా ఊపింది.

పాదం నిప్పుల్లో పెట్టినట్టుంది. ఈవిడది కొనే మొహమేనా అనుకుంది అమ్మాయి.

"వేళ్ళ దగ్గర వెడల్పుగా, మెత్తగా ఉన్నవి లేవా?"

ఉన్నాయి. అన్నిటికన్నా పై అరలో, ఈ సైజులో ఒకే ఒక్క జత. తీరిక దొరికినప్పుడల్లా తనే వాటిని తడిమి చూసుకునేది. కానీ నిచ్చెన ఎక్కాలి. దిగేటప్పుడు కుంటు దాగదు. మేనేజరు కౌంటరు దగ్గర్నుంచి ఇటే చూస్తున్నాడు.

"అయిపోయాయండీ," అని తొమ్మిదో జతలో పాదం బలవంతాన దూర్చింది.

"నొక్కుతోందా?"

"అబ్బే, లేదండీ."

"నిజం చెప్పు. మా అమ్మాయి నొప్పి బయటికి చెప్పే రకం కాదు. నీ మాట మీదే కొంటున్నా."

మేనేజరు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"పువ్వుల్లా ఉన్నాయండీ. నాలుగు రోజులు వేసుకుంటే ఇంకా సాగుతాయి."

రోజుకి ఇరవైసార్లు చెప్పే మాటే. తడుముకోకుండా వచ్చేసింది.

ఆవిడ కాసేపు ఆమె మొహంలోకి చూసి, బూట్లు పెట్టెలో పెట్టించుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళింది. అక్కడ మేనేజరుతో చాలాసేపు మాట్లాడింది. మధ్యమధ్య ఇద్దరూ ఇటు తిరిగి చూశారు. ఫిర్యాదే అయ్యుంటుంది. ఈ నెలతో తన పని సరి.

ఆవిడ వెళ్ళాక మేనేజరు పిలిచాడు. ఆ పెట్టెనే ఇటు తోశాడు.

"ఇవి నీకేనట. రేపట్నుంచి ఇవే వేసుకో. గంటకోసారి కూర్చో కూడా. నేను సరే అనేదాకా ఆవిడ కదిలితే ఒట్టు. నీకేమవుతుంది? పిన్నా, అత్తా?"

అమ్మాయి పెట్టె అందుకుంది.

"తగ్గింపు సరుకు, మార్చడానికి లేదు. జాగ్రత్తగా వాడుకో."

గుమ్మందాకా పరిగెత్తింది, అందరూ చూస్తుండగా కుంటుతూనే. వీధిలో ఆవిడ జాడ లేదు.

వెనక్కొచ్చి, పై అరలోని జత వైపు చూడలేక, చేతిలోని పెట్టె వైపు చూసింది.

మూత మీద పెన్నుతో ఒకే ముక్క రాసి ఉంది: "ఊపిరి బిగబట్టకు తల్లీ."