కొట్టని గోలు

బంతి పోయి రైలు కిటికీ చువ్వలకు ఠంగుమని తగిలింది.

లోపల కూర్చున్న తెల్లాయన ఉలిక్కిపడలేదు. కిందపడ్డ బంతి ఎటు దొర్లుతుందో వంగి చూశాడు.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె నాటి మాట. బడులు లేవు, బస్సులు లేవు, బొగ్గుబావులు ఆగిపోయాయి. ఆ రోజు మానుకోటలో రైల్ రోకో. మద్రాసు వెళ్లే రైలు స్టేషను దగ్గరే నిలిచిపోయింది. పట్టాల మీద పొయ్యిలు వెలిగాయి. డప్పులు మోగాయి. పక్కనున్న ఖాళీ జాగాలో జెండా కర్రలు పాతి పోరగాళ్లు ఫుట్‌బాల్ మొదలుపెట్టారు. ఇప్పుడు తలుచుకుంటే అదో జాతర.

గోరీకి మాత్రం ఆ రోజు జాతర కాదు, పరీక్ష.

తొమ్మిదో తరగతి పిల్ల బంతి వెంట ఉరుకుతుందని తండా అంతా నవ్వేది. నవ్వనివాడు మేనమామ జైసింగ్ ఒక్కడే. ఆయన భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేస్తాడు. అక్కడి మైదానంలో ఆడపిల్లలకు ఆట నేర్పుతున్నారు, నా క్వార్టర్‌లో ఉంచుకొని చదివిస్తానని గోరీ తండ్రి జాల్యాను ఎన్నాళ్లుగానో బతిమాలుతున్నాడు.

ఆ పొద్దున జాల్యా తేల్చేశాడు.

"ఇయ్యాల ఆడనియ్యి, సూస్త. ఆట ఉంటె తీస్కపో. లేకుంటె పత్తి ఏరనీకి పోతది. మళ్ల గీ ముచ్చట నా దగ్గర ఎత్తొద్దు."

ఆయన పొయ్యి పక్కన కూర్చొని చూస్తున్నాడు. చూడటానికి ఏముంది? గోరీ దగ్గరకు బంతే రావడం లేదు. జట్టు పెద్ద వీరేందర్ ఆమెను చేర్చుకున్నాడు గానీ, ఓ మూలన నిలబెట్టి మరిచిపోయాడు.

తెల్లాయన రైలు దిగి, బంతి తీసుకొని వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. కుడి మోకాలు సరిగా వంగడం లేదు. ఏ దేశమని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగితే, గ్రీసు అన్నాడు.

"గ్రీసంటె రైలు చక్రాలకు పూసేదే గదరా," అన్నాడు వీరేందర్.

అందరూ నవ్వారు. ఏమీ అర్థం కాకపోయినా ఆయనా నవ్వాడు.

ఒక మనిషి తక్కువ పడ్డాడు కాబట్టి ఆయననూ కలుపుకున్నారు. కుంటి కాలితో ఏం ఉరుకుతాడులే అని గోరీ పక్కన నిలబెట్టారు.

ఆయన ఉరకలేదు. బంతి ఎక్కడికి వస్తుందో అక్కడికి ముందే నడిచి వెళ్లేవాడు. వచ్చిన బంతి కాలికి అతుక్కున్నట్టు ఆగేది. తలెత్తి, గోరీ ఎక్కడుందో చూసి, ఆమె ముందుకు తోసేవాడు.

మొదటిసారి గోరీ కంగారులో గాలిని తన్నింది. ఇంకోసారి బంతి పోయి పప్పు గంజు పక్కన పడింది. వంట చేస్తున్న లచ్చవ్వ గంటె ఎత్తి, కాళ్లిరగ్గొడతానంది. జాల్యా తల పక్కకు తిప్పుకున్నాడు.

తర్వాత మళ్లీ బంతి ఆయనకే దొరికింది. ఇద్దరిని తప్పించి గోలు ముందుకు చేరాడు. కాపు కాసేవాడు జారి కిందపడి ఉన్నాడు. కాలు ఆనిస్తే చాలు. ఆయన కాలు లేచింది కూడా.

లేచిన కాలు ఆగింది. బంతి మళ్లీ గోరీ వైపే వచ్చింది. ఆమె అందుకునేలోపు కిందపడ్డవాడు లేచి పట్టేశాడు.

తెల్లోనికి కొట్ట చాతగాదని గేలి మొదలైంది. గోరీకి ఏడుపొచ్చింది.

"గోలు ముంగట నిలవడి నాకెందుకిస్తవ్? నీకు కొట్టరాదా?"

మాట తెలియకపోయినా కోపం తెలిసింది ఆయనకు. తన పాదం చూపించాడు. బొటనవేలితో కాదు, లోపలి పక్కతో అన్నట్టు చేత్తో తట్టి చెప్పాడు. బంతి దొరకగానే మళ్లీ ఆమెకే ఇచ్చాడు.

ఈసారి గోరీ పాదం పక్కతో కొట్టింది. బంతి నేలబారుగా పోయి, జెండా కర్రను రాసుకుంటూ లోపలికి దూరింది.

డప్పు ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంది.

జాల్యా లేచి నిలబడ్డాడు. శెభాష్ అనలేదు. పంచెకు అంటిన దుమ్ము దులుపుకొని బామ్మర్దితో అన్నాడు.

"బస్సులు నడిచినంక తీస్కపో."

గోరీ వెనక్కి తిరిగేసరికి రోకో ముగిసి రైలు కూత పెట్టింది. ఆయన పులిహోర పొట్లం పట్టుకొని పెట్టె ఎక్కుతున్నాడు. చెయ్యి ఊపాలని కూడా ఆమెకు తోచలేదు.

"పాపం, ఆట రాకున్నా మంచోడు మామా," అంది జైసింగ్‌తో.

భూపాలపల్లిలో ఏళ్లు ఇట్టే గడిచాయి. బూట్లలో నల్లటి దుమ్ము, షిఫ్టు దిగి ముఖమైనా కడగకుండా మైదానం గట్టున కూర్చునే మామ, తెలంగాణ వచ్చిందన్న రోజు జట్టంతా చేసిన ఊరేగింపు. ఆ తర్వాత జనగామలో ఆడపిల్లల బడిలో గోరీకి ఫుట్‌బాల్ నేర్పే ఉద్యోగం దొరికింది.

ఈ మధ్య ఆట నేర్పేవాళ్ల కోసం ఓ శిబిరం పెడితే వెళ్లింది. అక్కడ తెర మీద పాత ఆటలు చూపిస్తున్నారు.

నల్లటి జుట్టు, నిటారు మనిషి, రెండు కాళ్లూ బాణాల్లా దూసుకుపోతున్నాయి. ముఖం మాత్రం అదే.

గోరీ కుర్చీలో ముందుకు జరిగింది.

గ్రీసు స్ట్రైకర్ అని చెప్పాడు శిబిరం సారు. మోకాలు విరిగి ఆట మానేదాకా ఆ దేశంలో అన్ని గోల్సు కొట్టిన మనిషి ఇంకొకడు లేడట. జనం ఆయన పేరు మీద పాటలు కట్టారట.

"ఈయన కొట్టినట్టు కొట్టడం మీ పిల్లలకు నేర్పండి, ఆడినట్టు ఆడటం మాత్రం వద్దు," అన్నాడు సారు. "తోటివాడు ఖాళీ గోలు ముందు నిలబడి చేతులెత్తి పిలుస్తున్నా సరే, ఆడినన్నాళ్లూ ఈ మనిషి ఎవ్వరికీ బంతి ఇచ్చి ఎరుగడు."