చుక్క కూడా లేదు

రంగుల షెడ్డు గుమ్మంలో కొత్త మనిషి కనిపించగానే మరిది పరుగున వెళ్ళి పంపు కట్టేశాడు.

నీలం తొట్టిలో నూలు తిప్పుతున్న వదిన తల ఎత్తకుండానే అడిగింది. "ఎవరు?"

"ఎవరో పెద్దావిడ. చూస్తే పైనుంచి వచ్చిన మనిషిలానే ఉంది."

పైనుంచి అంటే ఆకాశం నుంచి కాదు, నది ఎగువ నుంచి. అక్కడన్నీ చెరకు తోటలు. ఇక్కడ, కాలువ ఆఖరున, నూలుకు రంగులద్దే షెడ్లు. పైవాళ్ళు వాడుకోగా మిగిలితేనే కిందికి నీళ్ళు. నీళ్ళుంటేనే షెడ్డు, షెడ్డుంటేనే వీధిలో పొయ్యిలు వెలిగేది.

నిరుడు ఇలాగే ఒకాయన వచ్చాడు. తియ్యగా మాట్లాడి, నిండు తొట్టికి ఫోటో తీసుకుని పోయాడు. నెల తిరక్కుండానే "కింద నీళ్ళు ఎక్కువైపోయాయి" అని వీళ్ళ వంతు కోసేశారు. సగం షెడ్లకు తాళాలు పడ్డాయి.

అప్పటినుంచి వీధంతా ఒకే మాట మీద ఉంది. ఎవరడిగినా సరే, నీళ్ళు లేవు.

వచ్చినావిడ చెప్పులు గుమ్మం బయటే విప్పింది.

"ఏమ్మా, నీళ్ళు అందుతున్నాయా?" అంది. ఎలా ఉన్నారు, ఏమిటి అని కూడా లేదు.

"ఎక్కడమ్మా! చుక్క కూడా లేదు" అంది వదిన.

"ఈ ఏడాది కూడానా?"

"ఈ ఏడాది మరీ అన్యాయం."

నిజానికి ఈ ఏడాది లాంటి ఏడాది వదిన చూడలేదు. వంతు కోసేశాక కూడా కాలువ ఆగకుండా పారుతోంది. తాళాలు పడ్డ షెడ్లు కొన్ని మళ్ళీ తెరుచుకున్నాయి. దేవుడు చల్లగా చూశాడనుకుని ఊరుకున్నారు తప్ప, ఎందుకొస్తున్నాయని ఎవరూ అడగలేదు. వచ్చే నీళ్ళను ఎందుకొచ్చాయని ఎవరడుగుతారు!

పెద్దావిడ కర్రల మీద ఆరేసిన నూలు వైపు చూసింది. "ఇదంతా తడిగా ఉందే?"

"ట్యాంకరు నీళ్ళమ్మా!" అందుకున్నాడు మరిది. కోతలు కోయడంలో అతనిది అందె వేసిన చెయ్యి. "రేటు నిలబడి వినలేరు. కూర్చోండి, చెబుతాను."

ఆవిడ కూర్చోలేదు, నవ్వనూ లేదు.

"తొట్టి ఒక్కసారి చూడొచ్చా?"

వదిన షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి బీటలు వారిన పాత తొట్టి చూపించింది. నిండుగా ఉన్న కొత్త తొట్టి, టార్పాలిన్ కప్పుకుని, నెత్తిన నూలు మూటలు పెట్టుకుని పక్కనే ఉంది.

పెద్దావిడ వంగి, పాత తొట్టి అడుగు తడిమింది. వేళ్ళకు దుమ్ము అంటింది.

"ఎంతమంది పనిచేస్తారమ్మా ఇక్కడ?"

"ఎందుకండీ అవన్నీ?" మరిది గొంతు పెంచాడు. "రాసుకెళ్ళి ఎవరికి చెబుతారు?"

"ఎవరికీ చెప్పను నాయనా. ఊరికే." ఆవిడ లేచి నిలబడింది. "అయితే మావాళ్ళు అన్నదే నిజమన్నమాట. దారిలోనే ఇంకిపోతున్నాయి."

ఆ గొంతు వింటే వదినకు ప్రాణం చివుక్కుమంది. నిజం నోటిదాకా వచ్చింది. మరిది దగ్గాడు. మూతబడిన షెడ్లు గుర్తొచ్చి, ఆ మాట మింగేసింది.

కనీసం తాగడానికైనా ఇద్దామని గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"వద్దమ్మా, మీకే లేవు" అని చెప్పులు వేసుకుంది పెద్దావిడ.

ఆవిడ మలుపు తిరిగేదాకా ఆగి, మరిది పంపు వేశాడు.

"అబ్బ, వదినా! నీ ఏడుపు చూసి నాకే జాలేసింది. ఇక మన వంతు జోలికి ఎవడూ రాడు."

షెడ్డంతా నవ్వింది. వదిన కూడా నవ్వింది కానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

వారం తిరిగేసరికి కాలువ సన్నబడింది. ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయింది. కొత్త తొట్టి అడుగు కనబడగానే వదిన బస్సెక్కి, కాలువ గేటు తీసే లస్కరు దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, మా వంతు నీళ్ళు ఆపేశారేం?"

"మీ వంతా? అది నిరుడే పోయిందిగా అమ్మా."

"మరి ఇన్నాళ్ళూ వచ్చినవి?"

"అవి పైన ఒకావిడ వాటా. చెరకు వేయకుండా పొలం బీడు పెట్టి, నా వాటా కిందికి వదలమంది. వృథా అని చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. కింద అందుతున్నట్టు తేలితే, వచ్చే పంట నుంచి తలా కాస్త వాళ్ళూ వదులుతామన్నారు. తీరా అందట్లేదని తేలింది."

వదిన గేటు కమ్మీ పట్టుకుంది.

"అందుతున్నాయన్నా. ఇప్పుడే వెళ్ళి చెబుతాను. ఇల్లెక్కడ?"

"ఇప్పుడు చెప్పీ లాభం లేదు. నిన్ననే చెరకు నాటించేసింది. ఇక కోత దాకా ఆవిడ వాటా నీళ్ళు ఆ చెరకుకే."

వదిన కమ్మీ వదిలి వెనక్కి తిరిగింది.

"ఆవిడ వస్తోందని మీకు రాసి పంపిస్తానన్నా వినలేదమ్మా" అన్నాడు లస్కరు. "తనెవరో తెలిస్తే, మొహమాటానికి అందుతున్నాయని అబద్ధం చెబుతారేమోనని, పేరు చెప్పకుండా మీ నోటనే నిజం వినాలని అంత దూరం వచ్చింది."