కందకంలో విన్న పాట

“ఆయన అలిసిపోయారు. రేపు రండి,” అంటూ ఒపెరా హాల్లో మేకప్ గది తలుపు మూయబోయింది గాయకుడి భార్య అదేల్.

“రేపు నేను లియోన్‌లో ఉండనమ్మా. ఆయన కోసమే జర్మనీ నుంచి వచ్చాను,” అన్నాడు ఓట్మార్, టోపీని చేతుల్లో నలుపుతూ.

జర్మనీ అనగానే ఆమె మొహం గంటు పెట్టుకుంది.

“రానీయ్ అదేల్. పాట వినడానికి వచ్చినవాణ్ణి ఏ ఊరని అడుగుతామా?” లోపల్నుంచి వినిపించిందా గొంతు.

మామూలు మాటకే ఓట్మార్ ఒళ్లు జలదరించింది. పట్టు నేసేవాళ్లింట్లో పుట్టి, యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఫ్రాన్సులోని ఒపెరాలన్నీ ఏలుతున్న లూసియన్ కాజాల్! ఇందాక రంగస్థలం మీద ఆయన గొంతు పైకి లేస్తుంటే ఓట్మార్ ఊపిరి పీల్చడం మరిచిపోయాడు. ఆ మహానుభావుడిప్పుడు అద్దం ముందు కూర్చుని మొహానికున్న రంగు తుడుచుకుంటున్నాడు.

“మీ పాట యుద్ధంలోనే విన్నానండీ. ఆర్గోన్ అడవిలో మీ ఎదుటి కందకం మాది.”

లూసియన్ చెయ్యి ఆగిపోయింది.

“మంచు కురుస్తున్న పొద్దున మీరు గొర్రెలకాపరి పాట ఎత్తుకున్నారు. మావాళ్లు తుపాకులు పక్కన పెట్టేశారు. మా సార్జెంటు మనిషి కాదు, బండరాయి. వాడే ఏడ్చాడు. ‘నోళ్లు మూయండ్రా, విననివ్వండి’ అన్నాడు. ఆ తర్వాత రోజూ మీ కోసం కాచుకునేవాళ్లం. దేవుడు మా వైపు కూడా ఉన్నాడనిపించేది.”

“చూశారా! శత్రువులకు పాడి శాంతి పంచాడని పత్రికలు రాసింది నిజమేనన్నమాట,” అంది అదేల్ కళ్లొత్తుకుంటూ. కుర్చీ లాగి ఓట్మార్‌ను కూర్చోబెట్టింది. “ఈయన్నడిగితే నోరు విప్పరు.”

“నాకు జ్వరమొచ్చి ఆసుపత్రికి పంపేశారు. ఆ వారమే మా కందకం కిందనుంచి పేలిపోయింది. ఒక్కడూ మిగల్లేదు.” ఓట్మార్ టోపీ పక్కన పెట్టాడు. “పోయేముందు వాళ్లకా పాటైనా దక్కింది. వాళ్ల తరఫున మీకు దణ్ణం పెట్టాలని ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను.”

లేచి వంగి ఆ గాయకుడి చేతిని ముద్దు పెట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది.

“మీరా పాట మళ్లీ ఎక్కడా పాడలేదట. మంత్రులడిగినా పాడలేదట. నాకోసం ఒక్కసారి పాడరూ?”

లూసియన్ తలెత్తలేదు. “ఎందుకు పాడానో ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు.”

“శాంతి కోసం కాదా?”

“మీ కింద మావాళ్లు సొరంగం తవ్వుతున్న చప్పుడు మీకు వినపడకూడదని.”